నాలుగేళ్లు నింపి, ఆరు వారాల్లో ఖాళీ చేశాక మా డీప్ ఫ్రీజర్ గురించి

డీప్ ఫ్రీజర్ల మీద వచ్చే రివ్యూలు చాలావరకు కొన్న వారంలోపే రాసినవి. టైముకి తెచ్చి ఇచ్చారు, చప్పుడు లేదు, బాగా చల్లబడుతోంది, ఐదుకి ఐదు. అప్పటికి అందులో నాలుగు పాకెట్లు కూడా ఉండవు. ఫ్రీజర్ సంగతి తేలేది దాన్ని అంచుల దాకా నింపి, మళ్ళీ అడుగు కనపడేదాకా తిన్నాకే అని నాకు ఈమధ్యే తెలిసింది, అందుకే నాలుగేళ్ల తర్వాత కూర్చుని ఇది రాస్తున్నాను.

మాది పైకి మూత తెరుచుకునే రకం, 200 లీటర్లది. మూతలో లైటు, పైన వేలాడే రెండు తీగ బుట్టలు, అడుగున ఒక మూల నీళ్ళు పోవడానికి రంధ్రం, ముందువైపు 1 నుంచి 7 దాకా అంకెలున్న నాబ్. పేరుకున్న మంచుని మనమే కరిగించుకోవాలి, దానంతటది కరగదు. ముందు భాగంలో నాలుగు మంచు నక్షత్రాల గుర్తు ఉంది. దీన్ని చాలామంది కరెంటు ఆదా లేబుల్ అనుకుంటారు గానీ అది వేరు, ఇది వేరు. ఒక నక్షత్రం అంటే మైనస్ 6 డిగ్రీలు, రెండు అంటే మైనస్ 12, మూడు అంటే మైనస్ 18. నాలుగోది కూడా ఉంటే మైనస్ 18లో దాచడమే కాకుండా, బయటి నుంచి తెచ్చిన తాజా సరుకుని కూడా సరిగ్గా గడ్డకట్టించగలదని అర్థం. కొనేవాళ్ళు ముందు ఈ గుర్తు చూసుకోండి. కంపెనీ పేరు రాయడం లేదు, నేను చెప్పబోయేవాటిలో ఎక్కువ భాగం ఈ రకం పెట్టెలన్నిటికీ వర్తిస్తుంది.

ఖాళీ చేయాలన్న ఆలోచన ఎలా వచ్చిందంటే, ఒకరోజు బఠాణీలు అయిపోయాయనుకుని రెండు పాకెట్లు కొని తెచ్చాను. వాటిని లోపల పెడదామంటే మూత పడలేదు. సర్దుదామని పైవి తీస్తే కింద బఠాణీల పాకెట్లు ఒకటి, రెండు, మూడు, అలా ఐదు బయటపడ్డాయి. ఇంట్లో ఐదు పెట్టుకుని ఇంకో రెండు కొన్నానన్నమాట. అదే నెల సరుకుల ఖర్చు చూసుకుంటే గుండె గుభేలుమంది. నిండిన పెట్టె ఇంట్లో ఉంది, ఖర్చు మాత్రం పెట్టె లేని రోజులకంటే ఎక్కువ. మా ఆయన అప్పుడు ఒకే మాట అన్నారు: "ముందు ఉన్నది తిందాం, తర్వాత కొందాం." ఆరు వారాలు పాలు, గుడ్లు, పచ్చి కూరగాయలు, పళ్ళు, అన్నానికీ రొట్టెకీ కావాల్సినవి తప్ప ఇంకేమీ కొనకూడదని ఇద్దరం అనుకున్నాం.

మొదటి పని లెక్క. ఇది చేయకుండా ఖాళీ చేయడం మొదలుపెడితే ముందు పైన ఉన్నవి, ఇష్టమైనవి అయిపోతాయి, అడుగున ఉన్నవి మళ్ళీ అడుగునే ఉండిపోతాయి. అన్నీ ఒకేసారి బయట పెట్టకండి. నేను ఒక్కో పొర తీసి, మందపాటి దుప్పటి పరిచిన రెండు పెద్ద టబ్బుల్లో పెట్టి పైన ఇంకో దుప్పటి కప్పాను, మా అమ్మాయి పక్కన కూర్చుని నోట్‌బుక్‌లో రాసింది, ఒక పొర అయ్యాక దాన్ని లోపల పెట్టి రెండోది తీశాం. మొత్తం గంటన్నర పట్టింది. పాకెట్లు, డబ్బాలు కలిపి 83. వాటిలో పదకొండింటిలో ఏముందో చూసి చెప్పలేకపోయాం, ఎందుకంటే గడ్డకట్టాక టమాటా గుజ్జు, కూర, సూప్ అన్నీ ఒకే ఎర్రటి రాయిలా కనిపిస్తాయి. 83లో తేదీ రాసినవి 30 కూడా లేవు. వండుకుని తినేవి ఆరు వారాలకి సరిపోతాయని అనుకున్నాం, చివరికి సరిపోయాయి కూడా.

ఇక్కడే ఈ ఫ్రీజర్ మీద నా పెద్ద ఫిర్యాదు. అడుగు చాలా లోతు. పైన రెండు బుట్టలు ఇచ్చారు గానీ వాటి కింద ఉన్న చోటంతా ఒకే గొయ్యి, ఒక అర లేదు, ఒక అడ్డుపలక లేదు. నా ఎత్తుకి అడుగున ఉన్న పాకెట్ అందాలంటే పొట్ట అంచుకి ఆనించి వంగాలి, ఒక చేత్తో మూత పట్టుకోవాలి, వేళ్ళు మంచులో జివ్వుమంటుంటాయి. మా అత్తగారికి నడుం నొప్పి, ఆవిడ నాలుగేళ్లలో ఒక్కసారి కూడా కింద నుంచి ఏమీ తీయలేదు. అందని వస్తువు ఉన్నా లేనట్టే, మళ్ళీ కొంటాం. నా అనుభవంలో ఈ పెట్టెల్లో సరుకు పాడవడానికి, డబ్బు పోవడానికి మొదటి కారణం ఈ లోతే. తయారుచేసేవాళ్ళు మూతకి తాళంచెవి ఇచ్చారు, ఆ ఖర్చుతో కింద నిలబెట్టే రెండు అడ్డుపలకలు ఇచ్చుంటే ఎంత బాగుండేదో.

దీనికి నేను చేసిన ఏర్పాటు చెప్తాను, పని చేసింది. గుడ్డ సంచులు నాలుగు రంగులవి తీసుకున్నాను, పొడుగు చేతులున్నవి. ఎర్రదాంట్లో మాంసం, చికెన్, చేప. పచ్చదాంట్లో కూరగాయలు. పసుపుదాంట్లో వండినవి. నీలందాంట్లో రొట్టె, వెన్న, పళ్ళ ముక్కలు. సంచి చేతులు పైకి వచ్చేట్టు పెడితే వంగనక్కర్లేదు, సంచి మొత్తం పైకి లాగి కావాల్సింది తీసుకుని మళ్ళీ దించేయచ్చు. మూత తెరిచి ఉండే టైము కూడా బాగా తగ్గింది. మా అత్తగారు ఇప్పుడు పచ్చ సంచి ఆవిడే తీసుకుంటున్నారు, నాకు అన్నిటికంటే సంతోషం ఇదే.

అదే లోతు వల్ల ఒక మంచి కూడా ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. చల్లగాలి బరువు కదా, మూత పైకి తెరిచినా అది లోపలే కూర్చుంటుంది, తలుపు పక్కకి తెరిచే రకంలో అయితే తలుపు తీయగానే కాళ్ళ మీదుగా జారి బయటికి పోతుంది. కరెంటు పోయినప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది. మూత తీయకుండా ఉంచితే నిండుగా ఉన్న ఫ్రీజర్ సుమారు 48 గంటలు, సగం నిండినది 24 గంటలు చల్లదనం నిలుపుకుంటుందని ఆహార భద్రత సంస్థలు చెప్పే లెక్క. మాకు ఒకసారి రాత్రి పోయిన కరెంటు మర్నాడు సాయంత్రానికి వచ్చింది, మాంసం రాయిలాగే ఉంది. ఊరెళ్ళేటప్పుడు నేను ఒక కప్పులో నీళ్ళు గడ్డకట్టించి దాని మీద ఒక నాణెం పెట్టి వెళ్తాను. తిరిగొచ్చేసరికి నాణెం మంచు పైనే ఉంటే భయం లేదు, కప్పు అడుక్కి చేరిందంటే మనం లేనప్పుడు అంతా కరిగి మళ్ళీ గడ్డకట్టిందని అర్థం, అప్పుడు అందులోవి వాడకూడదు.

ఇంకో లోపం నాబ్. 1 నుంచి 7 దాకా అంకెలున్నాయి, ఏ అంకె దగ్గర ఎన్ని డిగ్రీలో ఎక్కడా రాయలేదు. నేను నాలుగేళ్లు 3 మీద పెట్టి అదే సరిపోతుందనుకున్నాను. లెక్క రాసిన రోజే ఒక చిన్న ఫ్రీజర్ థర్మామీటర్ కొని మధ్యలో పెట్టి, మర్నాడు పొద్దున చూస్తే మైనస్ 13. ఉండాల్సింది మైనస్ 18. ఆ చలిలో కూడా సూక్ష్మజీవులు పెరగవు గానీ రుచి, రంగు, మెత్తదనం త్వరగా పోతాయి. నాబ్ 5కి తిప్పాను, మైనస్ 15 దగ్గర ఆగిపోయింది. గోడల మీద రెండు వేళ్ళ మందాన మంచు పేరుకుపోయింది, ఆ మంచే దుప్పటిలా అడ్డం పడి చలిని లోపలికి రానివ్వడం లేదు. పావు అంగుళం, అంటే 6 మిల్లీమీటర్లు దాటగానే కరిగించేయాలి, నేను దాన్ని ఎన్నో రెట్లు దాటనిచ్చాను. మూత రబ్బరు కూడా ఒక పక్క వదులైంది. మూతకీ పెట్టె అంచుకీ మధ్య ఒక కాగితం పెట్టి మూసి లాగి చూడండి, బిగువుగా ఉంటే రబ్బరు బాగున్నట్టు, సుళువుగా జారి వచ్చేస్తే అక్కడి నుంచి తేమ గాలి లోపలికి వెళ్ళి మంచవుతున్నట్టు. గ్యారంటీ ఉన్న రోజుల్లోనే ఈ మంచు గురించి సర్వీసుకి ఫోన్ చేశాను, వచ్చినతను మూత ఒకసారి తెరిచి మూసి, "అందరి ఇళ్ళలో ఇంతే మేడమ్" అని వెళ్ళిపోయాడు. కాగితం పరీక్ష అప్పుడే తెలిసుంటే అతని ముందే చేసి చూపించేదాన్ని.

సరే, లోపల ఉన్నవాటి సంగతి. పాతవి తినచ్చా లేదా అని ఇంట్లో చాలా టెన్షన్ పడ్డాం. చదివి తెలుసుకున్నది ఇది: మైనస్ 18లో ఎప్పుడూ కరగకుండా ఉన్న ఆహారం ఎంతకాలమైనా ప్రమాదకరం కాదు, చలి సూక్ష్మజీవుల్ని చంపదు గానీ పెరగనివ్వదు. తగ్గేది నాణ్యత. కీమా అయితే మూడు నాలుగు నెలల్లోపు తినేస్తే బాగుంటుంది, చికెన్ ముక్కలు తొమ్మిది నెలలు, ముక్కలు చేయని కోడి మొత్తంగా ఒక సంవత్సరం, కొవ్వు ఎక్కువున్న చేపలు రెండు మూడు నెలలే, వండిన సూపులు, కూరలు రెండు మూడు నెలలు, ఉడికించి పెట్టిన కూరగాయలు ఎనిమిది నుంచి పన్నెండు నెలలు. చేప కొవ్వు చలిలో కూడా మెల్లగా పాడై చెడు వాసన వస్తుంది, అందుకే దానికి అంత తక్కువ గడువు. మా ఎర్ర సంచిలో రెండు చేప పాకెట్లు ఎంత పాతవో గుర్తులేదు, కరిగించాక వాసన చూసి పారేశాం.

చికెన్ ముక్కల మీద కొన్నిచోట్ల బూడిద రంగు ఎండు మచ్చలు కనిపించాయి. పాడైపోయిందని పారేయబోయాను. అది పాడవడం కాదట. కవరులో గాలి ఉంటే మాంసంలో ఉన్న మంచు నీరుగా మారకుండానే నేరుగా ఆవిరైపోతుంది, ఆ చోటు ఎండిపోయి తోలులా అవుతుంది. తింటే ఏమీ కాదు, రుచి మాత్రం ఉండదు. ఆ మచ్చలున్న చోట కోసేసి మిగతాది సూప్‌లో వేశాను, తేడా ఎవరికీ తెలియలేదు. మొత్తం 83లో పారేసినవి తొమ్మిది. అవి డస్ట్‌బిన్‌లో వేస్తున్నప్పుడు చాలా బాధేసింది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం మొత్తం మీద 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది, అందులో 60 శాతం ఇళ్ళలోంచే. ఆ లెక్క ఎప్పుడో విన్నాను, నా తొమ్మిది పాకెట్లు కూడా అందులో భాగమే అని ఆ రోజు అనిపించింది.

వారాల వారీగా చెప్పాలంటే మొదటి రెండు వారాలు చాలా హాయిగా గడిచాయి. వండి పెట్టుకున్నవి ఉన్నాయి, వేడి చేసుకోవడమే. మూడో వారం నుంచి వంట మొదలైంది, నాకు బాగా నచ్చింది ఆ వారమే. తెలియని పదకొండు డబ్బాల్లో రోజుకొకటి ఫ్రిజ్‌లోకి మార్చి, మర్నాడు మూత తీసి చూసి, అందులో ఉన్నదాన్ని బట్టి వంట ఏంటో తేల్చుకునేదాన్ని. ఒకదాంట్లో ఉడికించిన బీన్స్, ఒకదాంట్లో వేయించిన ఉల్లిపాయలు, రెండింట్లో టమాటా గుజ్జు. ఆ రెండు గుజ్జు డబ్బాలూ కీమా పాకెట్ ఒకటీ బఠాణీలూ కలిపితే రెండు పూటలకి సరిపోయింది. ఒక సంచి నిండా కోడి ఎముకలు ఉన్నాయి, ఎప్పుడో దాచి మర్చిపోయినవి, వాటిని క్యారట్ ముక్కలతో రెండు గంటలు మరిగించి వడకడితే వారం మొత్తం సూపులకి ఆ నీరే ఆధారం. ఐదో వారానికి వచ్చేసరికి మిగిలినవన్నీ ఒకదానితో ఒకటి కలవనివి: మొక్కజొన్న గింజలు, బ్రెడ్ చివర ముక్కలు, సగం పాకెట్ పాలకూర, నాలుగు పండిపోయిన అరటిపళ్ళు. మా అమ్మాయి ఒకరోజు "అమ్మా, మళ్ళీ మొక్కజొన్నేనా" అంది. ఆ రోజు తనకి ఇష్టమైనది బయట నుంచి తెచ్చాను. నియమం పెట్టుకున్నాం కదా అని పిల్లల్ని విసిగించడం నాకిష్టం లేదు.

ఈ ఆరు వారాల్లో అసలు కష్టం వంటలో లేదు, కరిగించడంలో ఉంది. ఫ్రీజర్ నిండా ఉన్నా జనం బయట ఎందుకు కొంటారంటే సాయంత్రం ఆరింటికి మాంసం రాయిలా ఉంటుంది కాబట్టి. గట్టు మీద వదిలేసి కరిగించడం మంచి పద్ధతి కాదు. లోపల ఇంకా గడ్డగానే ఉండగా పైభాగం వెచ్చబడి సూక్ష్మజీవులు పెరగడం మొదలవుతుంది, 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య అవి జోరుగా పెరుగుతాయి. ఫ్రిజ్‌లో కరిగించడం అన్నిటికంటే మంచిది, అరకిలోకి కూడా ఒక రోజు పడుతుంది, అందుకే రాత్రి పడుకునే ముందు రేపటిది మాత్రమే కాదు ఎల్లుండిది కూడా తీసి ఫ్రిజ్‌లో కింద అరలో, కారినా పర్వాలేని గిన్నెలో పెట్టడం అలవాటు చేసుకున్నాను. మర్చిపోయిన రోజు గట్టిగా మూసిన కవరుతో చన్నీళ్ళలో ముంచి, అరగంటకోసారి నీళ్ళు మారుస్తూ ఉంటే అరకిలో గంటలో కరుగుతుంది. ఇలా నీళ్ళలో గానీ మైక్రోవేవ్‌లో గానీ కరిగించింది వెంటనే వండేయాలి. ఫ్రిజ్‌లో కరిగినదైతే వండకపోయినా మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టచ్చు, ప్రమాదం లేదు, కొంచెం నీరు కారి మెత్తబడుతుంది అంతే. కూరగాయలు కరిగించనే అక్కర్లేదు, నేరుగా వేడి బాణలిలోకే. మాంసం కూడా కరగకుండా వండచ్చు, మామూలు కంటే ఒకటిన్నర రెట్లు టైము పడుతుంది.

డబ్బు లెక్క దగ్గరికి వస్తే నిజం నిజంగా చెప్పాలి. ఆ ఆరు వారాల్లో సరుకుల ఖర్చు అంతకుముందు ఆరు వారాలతో పోలిస్తే సగం కంటే కొంచెం తక్కువకి దిగింది. అయితే అదంతా ఆదా అనుకోవడం పొరపాటు, ఆ సరుకుల డబ్బు మనం ఎప్పుడో కట్టేశాం, ఇప్పుడు దాన్ని వెనక్కి తీసుకుంటున్నామంతే. ఆదా మొదలైంది ఏడో వారం నుంచి. నోట్‌బుక్ చూసుకుని కొట్టుకి వెళ్ళడం వల్ల, ఉన్నవే మళ్ళీ కొనడం ఆగిపోయింది, ఆఫర్ ఉందని మూడు పాకెట్లు తేవడం ఆగిపోయింది. ఇప్పటికి ఖాళీ చేసి నాలుగు నెలలు, ఖర్చు పాత దానికంటే సుమారు ఐదో వంతు తక్కువగానే నిలబడింది. ఇది నెల నెలా మిగిలేది, ఆ ఆరు వారాల సగం కంటే నాకు ఇదే విలువైనది.

నిండుగా ఉంచితే కరెంటు తక్కువ కాలుతుందని చాలామంది అంటారు, ఆ మాట నమ్మే నేను కూడా నింపుతూ పోయాను. నిండుగా ఉంటే మూత తెరిచినప్పుడు, కరెంటు పోయినప్పుడు చల్లదనం నిలబడుతుంది, అంతవరకు నిజం. ఆ నిండేది ఆహారమే కానక్కర్లేదు. ఇప్పుడు ఖాళీ చోట ఆరు పెద్ద నీళ్ళ సీసాలు పెట్టాను, గడ్డకట్టేటప్పుడు నీరు సుమారు 9 శాతం ఉబ్బుతుంది కాబట్టి మెడ దాకా నింపకుండా వదిలాను. ఊరెళ్ళేటప్పుడు అవే తీసి కూల్ బాక్స్‌లో వేసుకోవచ్చు.

కరిగించి శుభ్రం చేసిన రోజు గురించి కూడా ఒక మాట. మిగిలిన కొద్ది పాకెట్లు దుప్పటి చుట్టి టబ్బులో పెట్టి, ప్లగ్ తీసేసి, లోపల వేడినీళ్ళ గిన్నెలు రెండు పెట్టి మూత వేశాను. పావుగంటకోసారి నీళ్ళు మార్చాను. గంటన్నరకి పెద్ద పెద్ద పలకలు వాటంతటవే ఊడిపడ్డాయి. కత్తితో, స్క్రూడ్రైవర్‌తో గీకకండి, గోడ లోపలే గొట్టాలు ఉంటాయి, చిల్లు పడితే గ్యాస్ పోయి పెట్టె మొత్తం పనికిరాకుండా పోతుంది. నీళ్ళు పోయే రంధ్రం ఇచ్చినందుకు మాత్రం ఈ కంపెనీకి మంచి మార్కులు వేస్తాను, బకెట్ పెట్టి ఆ రంధ్రానికున్న బిరడా ఊడదీస్తే నీళ్ళన్నీ దిగిపోయాయి. మళ్ళీ ఆన్ చేశాక నాబ్ 4 మీదే మైనస్ 19 చూపించింది, మోటారు ఆగి ఆగి తిరుగుతోంది, అంతకుముందు దాదాపు ఆగేదే కాదు.

వీటితో పాటు వాడిన వస్తువుల మీద కూడా నా అభిప్రాయం రాస్తాను, ఎందుకంటే ఫ్రీజర్ ఒక్కటే కొంటే సరిపోదు. గాలి లాగేసి సీల్ చేసే మిషను నా దగ్గర రెండేళ్లుగా ఉంది, మాంసం ఆరు నెలలకి మించి దాచేవాళ్ళకి బాగుంటుంది, మూడు నెలల్లో తినేసేవాళ్ళకి అవసరం లేదు, దాని ప్రత్యేక కవర్ల ఖర్చే ఎక్కువ. మామూలు జిప్ కవరులో సరుకు వేసి, నోరు కొంచెం తెరిచి ఉంచి గిన్నెడు నీళ్ళలో మెల్లగా దించితే నీటి ఒత్తిడికి గాలి బయటికి పోతుంది, అప్పుడు మూసేయండి, నీళ్ళు లోపలికి వెళ్ళకుండా చూసుకుంటే చాలు. గుండ్రటి డబ్బాలు వద్దు, మూలల్లో చోటంతా పోతుంది. కాగితం టేపు, నల్ల మార్కర్ పెన్ను, ఈ రెండూ అన్నిటికంటే ఎక్కువ డబ్బు మిగిల్చాయి. పేరు, తేదీ, ఎంతమందికి సరిపోతుంది, ఈ మూడూ రాయనిదే ఇప్పుడు మా ఇంట్లో ఏదీ లోపలికి వెళ్ళదు.

ఇంకొకటి, పాకెట్ పలచగా పరిచి గడ్డకట్టించండి. కీమా ముద్దలా కట్టి పెడితే లోపల మెల్లగా గడ్డకడుతుంది, మెల్లగా కట్టిన మంచు పలుకులు పెద్దవిగా పెరిగి మాంసం కణాల్ని చీల్చేస్తాయి, కరిగాక నీరంతా కారిపోయి పీచులా ఉంటుంది. త్వరగా గడ్డకడితే పలుకులు చిన్నవి. 1920ల్లో క్లారెన్స్ బర్డ్స్ఐ అనే అమెరికన్, కెనడాలోని లాబ్రడార్‌లో అక్కడివాళ్ళు పట్టిన చేప ఆ గాలికి క్షణాల్లో గడ్డకట్టి నెలల తర్వాత కూడా తాజాగా ఉండడం గుర్తుంచుకుని, పాకెట్లని చల్లటి లోహపు పలకల మధ్య నొక్కే యంత్రం చేశాడు, ఇవాళ్టి ఫ్రోజెన్ పాకెట్లకి మూలం అదే. ఇంట్లో మనకి పలకలు లేవు, కానీ వేలు మందాన పరిచి ఒక ట్రే మీద పెడితే నాలుగు గంటల్లోపు రాయవుతుంది, తర్వాత పుస్తకాల్లా నిలబెట్టచ్చు, కరగడం కూడా తొందరే. ఒకేసారి కుప్పగా పెట్టకండి, రోజుకి ఎన్ని కిలోలు గడ్డకట్టించగలదో వెనకాల పలక మీద రాసి ఉంటుంది, మాదాని మీద 10 కిలోలు అని ఉంది. పచ్చి బీన్స్ మూడు నిమిషాలు, బఠాణీలు నిమిషంన్నర మరుగుతున్న నీళ్ళలో వేసి వెంటనే ఐసు నీళ్ళలోకి మార్చి, తడి తుడిచి పెడితే రంగు, రుచి నిలుస్తాయి, లేకపోతే వాటిలో ఉన్న ఎంజైములు చలిలో కూడా మెల్లగా పనిచేస్తూనే ఉంటాయి.

మరి ఇది కొనచ్చా? నలుగురున్న ఇల్లయి, వారానికోసారి గంటసేపు కూర్చుని లెక్క చూసుకునే ఓపిక ఉంటే కొనచ్చు, చల్లదనం నిలపడంలో దీనికి పదికి తొమ్మిది వేస్తాను. అరలు లేకపోవడానికి, డిగ్రీలు చూపించని నాబ్‌కి, వదులయ్యే రబ్బరుకి కలిపి పదికి ఐదే. ఇంట్లో పెద్దవాళ్ళే వంట చేసేట్టయితే వద్దు, తలుపు పక్కకి తెరిచే, సొరుగులున్న రకం తీసుకోండి, కొంచెం కరెంటు ఎక్కువైనా అన్నీ కళ్ళకి కనిపిస్తాయి. ఇద్దరే ఉండేవాళ్ళకి 200 లీటర్లు చాలా ఎక్కువ, చోటు ఉంది కదా అని కొంటూనే ఉంటారు, 100 లీటర్లది చాలు. నేను మళ్ళీ కొనాల్సి వస్తే ఇదే రకం, 150 లీటర్లది కొంటాను.

ఇప్పుడు లోపల 34 పాకెట్లు ఉన్నాయి, నోట్‌బుక్ మూత మీదే తాడుతో కట్టి ఉంది. కొత్త రబ్బరు తెప్పించాను, మెకానిక్ శనివారం వస్తానన్నాడు. అతను వచ్చేలోపు ఎర్ర సంచి ఖాళీ చేయాలని చూస్తున్నాం, అందులో రెండు చికెన్ పాకెట్లు, ఒక కీమా మిగిలాయి. కీమా రాత్రే ఫ్రిజ్‌లో కింద అరలోకి మార్చాను.